చెరిగిన టీవీ, మిగిలిన క్యాసెట్: లండన్ నుంచి పర్వత్ పాటియా దాకా

చరిత్రకు ఆధారాలేమిటని అడిగితే మీరు శాసనాలు, నాణేలు, తాళపత్రాలు, యాత్రికుల రాతలు అని చెబుతారు. వీడియో క్యాసెట్ పేరు ఎవరూ చెప్పరు. నల్లని ప్లాస్టిక్ పెట్టె, లోపల రెండు చక్రాలు, ముందు మూత ఎత్తితే మెరిసే ముదురు రంగు టేపు. మీలో చాలామంది దాన్ని చేతిలోకి తీసుకుని కూడా ఉండరు. అయినా ఇరవయ్యో శతాబ్దపు చివరి పాతికేళ్ల జీవితం గురించి రాయబోయేవారికి దాని అవసరం చిన్నది కాదు. సూరత్‌లోని పర్వత్ పాటియా వంటి చోట, అంటే సొంత భాషకు దూరంగా బతికిన తెలుగు కార్మికుల పేటలో, ఆ అవసరం ఇంకా ఎక్కువ. ఆ సంగతి అర్థం కావాలంటే ముందుగా బ్రిటన్‌లో ఏం జరిగిందో తెలియాలి. పాత టీవీ పోగొట్టుకోవడమంటే ఏమిటో అందరికంటే స్పష్టంగా తెలిసినవాళ్లు అక్కడివాళ్లే.

తొలినాళ్లలో టీవీ కార్యక్రమమంటే నాటకం వంటిది. స్టూడియోలో ఆడేవారు, ఇళ్లలో చూసేవారు, అంతటితో అయిపోయేది. బొమ్మను టేపు మీద పట్టి ఉంచే పని చాలా కష్టమైనది. అమెరికాలో ఆంపెక్స్ కంపెనీ 1956లో పనికివచ్చే మొదటి వీడియో టేపు యంత్రాన్ని తెచ్చింది. బీబీసీ ఇంజనీర్లు సొంతంగా తయారుచేసిన ‘వెరా’ అనే యంత్రాన్ని 1958లో ప్రేక్షకులకు చూపించారు. అందులో టేపు సెకనుకు 5 మీటర్ల వేగంతో పరుగెత్తేది. ఒక పెద్ద రీలుకు పావుగంట కార్యక్రమమే పట్టేది. లెక్కవేసి చూడండి, పావుగంటకు సుమారు నాలుగున్నర కిలోమీటర్ల టేపు!

ఆంపెక్స్ పద్ధతే నిలిచింది. కానీ టేపు ఖరీదైన వస్తువు. ఒకసారి వాడిన టేపు మీదే మళ్లీ రికార్డు చేయవచ్చు. నటుల సంఘాలతో కుదిరిన ఒప్పందాలు పునఃప్రసారాలకు పరిమితి పెట్టాయి. రంగుల ప్రసారాలు వచ్చాక నలుపు తెలుపు కార్యక్రమాలను ఎవరు అడుగుతారనుకున్నారు. ఫలితంగా 1960ల చివర నుంచి 1978 దాకా బీబీసీలో టేపులు వరుసగా చెరిగిపోయాయి. 1963లో మొదలైన ‘డాక్టర్ హూ’ అనే పేరుపొందిన సీరియల్‌లో 90కి పైగా భాగాలు నేటికీ దొరకలేదు. 1969 జూలైలో మనిషి చంద్రుడి మీద కాలుపెట్టిన రాత్రి బీబీసీ తన స్టూడియో నుంచి గంటల తరబడి చేసిన ప్రసారం కూడా మిగలలేదు. దీన్ని అజ్ఞానం అని కొట్టిపారేయడం తేలిక. ఆనాటి గుమాస్తాల వైపు నుంచి చూస్తే అల్మరా నిండింది, టేపు కావాలి, చెరిపే అధికారం ఉంది. చాలా కాగితాలూ ఇలాగే పోయాయి, మన తాలూకా కచేరీల్లోనూ.

పోయినవాటిలో కొన్ని తిరిగి ఎలా వచ్చాయో చూడండి. విదేశీ కేంద్రాలకు అమ్మిన ఫిల్ము ప్రతులు కొన్ని బయటపడ్డాయి. 2013లో నైజీరియా నుంచి ‘డాక్టర్ హూ’ భాగాలు 9 దొరికినట్టు ప్రకటించారు. ఇక ఆ సీరియల్‌లో పోయిన ప్రతి భాగానికీ శబ్దం మాత్రం నేడు మనకుంది. టీవీ ముందు టేపు రికార్డరు పెట్టుకుని శబ్దం పట్టిన కుర్రకారే దానికి కారణం. 1971 నాటి ‘ద డీమన్స్’ అనే కథ కూడా చెప్పుకోదగ్గదే. బీబీసీ దగ్గర దానిలో ఎక్కువ భాగం నలుపు తెలుపు ఫిల్ముగానే మిగిలింది. అమెరికాలో ఒక ప్రేక్షకుడు టీవీ నుంచి ఇంట్లో రికార్డు చేసుకున్న క్యాసెట్‌లో బొమ్మ నాసిగా ఉన్నా రంగు ఉంది. ఫిల్ము నుంచి స్పష్టత, క్యాసెట్ నుంచి రంగు తీసుకుని రెంటినీ కలిపి 1992లో తిరిగి ప్రసారం చేశారు. సంస్థ పారేసిన రంగును ఒక ఇల్లు కాపాడిందన్నమాట.

ఇంట్లో రికార్డు చేసుకోవాలన్న కోరిక పాతదే. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో 1963లోనే ‘టెల్కాన్’ అనే ఇంటి వీడియో యంత్రాన్ని ప్రదర్శించారు కానీ అది నిలవలేదు. 1972లో ఫిలిప్స్ తెచ్చిన ఎన్1500 యంత్రానికి సొంత ట్యూనరు, గడియారం ఉండేవి. 1975లో సోనీ బీటామ్యాక్స్, 1976లో జేవీసీ వీహెచ్‌ఎస్ వచ్చాయి. చివరికి గెలిచింది వీహెచ్‌ఎస్.

దాని లోపలి ఏర్పాటు తెలుసుకుంటే మీకు సరదాగా ఉంటుంది. వెరాలో టేపే పరుగెత్తేది. వీహెచ్‌ఎస్‌లో టేపు సెకనుకు సుమారు 2.3 సెంటీమీటర్లు, అంటే చీమలా నడుస్తుంది. అయితే టేపు చుట్టుకున్న లోహపు డప్పు, మన దేశంలో వాడే పద్ధతిలో, నిమిషానికి 1500 సార్లు తిరుగుతుంది. డప్పు అంచునున్న హెడ్డు టేపు మీద ఏటవాలు గీతలు గీస్తూ పోతుంది. కాబట్టి హెడ్డుకూ టేపుకూ మధ్య వేగం సెకనుకు దాదాపు 5 మీటర్లే వస్తుంది, వెరాలో ఉన్నంత! సెకనుకు 50 గీతలు. మూడు గంటల క్యాసెట్‌లో 5 లక్షల 40 వేల గీతలు, సుమారు 258 మీటర్ల టేపు మీద. నాలుగున్నర కిలోమీటర్ల సంగతి గుర్తుందిగా?

బ్రిటన్‌లో ఈ యంత్రాన్ని ముందుగా ఆదరించినవారిలో మన దేశం నుంచి, పాకిస్తాన్ నుంచి వెళ్లిన కుటుంబాలు ఉన్నాయి. 1968 నుంచి బీబీసీ వారికోసం ‘నయీ జిందగీ నయా జీవన్’ అనే కార్యక్రమం ఇచ్చేది, అదీ వారానికి ఒకసారి. మిగతా రోజుల్లో సొంత భాష వినాలంటే క్యాసెట్ ఒక్కటే దిక్కు. అందుకే లండన్ సౌతాల్‌లో 1970ల చివరికే వీసీఆర్‌లు హిందీ సినిమాలు ఆడుతున్నాయి. ఈ కారణాన్ని గుర్తుపెట్టుకోండి, పర్వత్ పాటియాలో మళ్లీ కనిపిస్తుంది.

క్యాసెట్ మీద ఎదురు ప్రయాణమూ జరిగింది. 1977లో మొదలైన ‘మైండ్ యువర్ లాంగ్వేజ్’ అనే బ్రిటిష్ హాస్య ధారావాహిక క్యాసెట్ల రూపంలో మన నగరాల్లో చేతులు మారింది. లండన్ రాత్రిబడిలో ఇంగ్లీషు నేర్చుకునే పరదేశీయుల కథ అది. దాని ఆధారంగానే 1993లో దూరదర్శన్ మెట్రో ఛానెల్‌లో పంకజ్ కపూర్ మాస్టారుగా ‘జబాన్ సంభాల్‌కే’ వచ్చింది. నేటికీ చాలామంది ఆ బ్రిటిష్ కార్యక్రమాన్ని ముద్దుగా తలుచుకుంటారు. మళ్లీ చూస్తే అందులోని సిక్కూ, చీనా అమ్మాయీ ఎలాంటి వేళాకోళానికి గురయ్యారో కనిపిస్తుంది. జ్ఞాపకం నవ్వును దాచుకుని చురుకును వదిలేస్తుంది. టేపు రెండింటినీ ఉంచుతుంది.

మన దేశంలో 1982 ఆసియా క్రీడలతో రంగుల టీవీ వచ్చింది. వెంటనే వీసీఆర్ కూడా విస్తరించింది. గల్ఫ్ దేశాలకు వెళ్లిన కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల వాళ్లు తిరిగొచ్చేటప్పుడు తెచ్చిన సామానులో అది గొప్ప వస్తువు. కొనలేనివారు రాత్రికి టీవీ, వీసీపీ, నాలుగు క్యాసెట్లు అద్దెకు తెచ్చుకుని తెల్లవార్లూ చూసేవారు. దొంగ ప్రతులు ఎంతగా పెరిగాయంటే, 1984లో కాపీరైటు చట్టాన్ని సవరించి వీడియోను చేర్చి శిక్షలు పెంచవలసి వచ్చింది.

ఇక సూరత్‌కు రండి. గుజరాత్‌లో పెద్దరోడ్డు నుంచి ఊరిదారి చీలే చోటును పాటియా అంటారు. పర్వత్ అనే ఊరికి దారి చీలే ఆ కూడలి నగరం పెరిగి పెద్ద పేట అయింది. ఇక్కడ, పక్కనున్న లింబాయత్‌లో, గోడాదరాలో తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. తెలంగాణలోని కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి చేనేత దెబ్బతిన్నాక వచ్చిన పద్మశాలీలు వారిలో ముఖ్యులు. భీవండీకి, షోలాపూర్‌కు వెళ్లినట్టే వాళ్లు సూరత్ మరమగ్గాలకు వచ్చారు. వాళ్ల మాటల్లో చెప్పాలంటే సాంచాలకు. సూరత్ నగరపాలక సంస్థ బడుల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమం ఉందంటే ఈ జనసంఖ్యను మీరు ఊహించుకోవచ్చు.

1977 అక్టోబరులో మొదలైన హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రపు భూతల ప్రసారం ఇంత దూరం అందదు. సూరత్‌లో టీవీ పెడితే హిందీ, గుజరాతీ. ఆదివారం మధ్యాహ్నం వేసే ప్రాంతీయ భాషా చిత్రాల్లో ఎప్పుడో ఒకసారి తెలుగు వంతు. తెలుగు ఉపగ్రహ ప్రసారాలు 1993 తర్వాత, ఈటీవీ, జెమినీ 1995లో వచ్చేదాకా ఇదే స్థితి. మధ్యలోని ఆ పది పన్నెండేళ్లు క్యాసెట్ కాలం. సౌతాల్‌కు లాగే ఇక్కడా, ప్రసారం అందని భాష టేపు మీద ప్రయాణించింది.

సినిమాల క్యాసెట్ల కంటే నాకు ముఖ్యంగా తోచేవి రెండు రకాలు. ఒకటి, పెళ్లి క్యాసెట్. ఊళ్లో పెళ్లికి సెలవు దొరకక ఆగిపోయినవాళ్లు సూరత్‌లో దాన్ని చూసేవారు. అందులో పెళ్లికంటే చుట్టూ ఉన్నదే ఎక్కువ చరిత్ర: కట్టుకున్న బట్ట, వడ్డించిన విస్తరి, పందిట్లో ఎవరు ఎక్కడ కూర్చున్నారు, మాటలో తెలంగాణ ఎంత, గుజరాతీ ఎంత. రెండోది, టీవీ నుంచి పట్టుకున్న క్యాసెట్. 1987 జనవరి నుంచి 1988 జూలై దాకా వచ్చిన ‘రామాయణ్’ మనకు పోలేదు, 2020 లాక్‌డౌన్‌లో మళ్లీ ప్రసారమైంది కూడా. అది చిత్రీకరించిన ఉమర్‌గామ్ గుజరాత్ దక్షిణపు కొసలో, సూరత్ నుంచి ముంబయి వెళ్లే దారిలోనే ఉంది. కానీ ఆ ఆదివారం ఉదయం కథకు ముందు ఏ సబ్బు ప్రకటన వచ్చింది, ప్రకటనకర్త ఏమన్నారు, అంతరాయం ఎంతసేపు? అధికారిక ప్రతిలో ఇవేవీ ఉండవు. ఆపడం మరిచిపోయిన ఇంటి రికార్డరులో ఉంటాయి. మన దూరదర్శన్‌లోనూ టేపులు తిరిగి వాడే అలవాటు వల్ల తొలినాళ్లవి చాలా పోయాయి. మిగిలినవాటిని ప్రసార భారతి ఆర్కైవ్స్ డిజిటల్‌లోకి మారుస్తోంది.

సూరత్ విషయంలో ఒక విచిత్రం ఉంది. వీడియో టేపుకు ఆధారమైన పలుచని పొర పాలిఎస్టర్. సూరత్ సాంచాల మీద నేసే చీరల నూలూ అదే రసాయన పదార్థం. ఆ పొర గట్టిదే, అంత త్వరగా పాడవదు. పాడయ్యేది దానిమీద అయస్కాంతపు పొడిని అంటిపెట్టి ఉంచే జిగురు. అది గాలిలోని తేమను పీల్చుకుని మెత్తబడుతుంది, బూజు పడుతుంది. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుంచి వదిలిన నీటితో తాపీ నది పొంగి సూరత్‌లో చాలా భాగాన్ని ముంచింది. లింబాయత్, పర్వత్ పాటియా వైపు ఖాడీలు, అంటే వాగులు, పొంగడం వానాకాలంలో జరుగుతూనే ఉంటుంది. కింది గదిలో మంచం కింద పెట్టిన క్యాసెట్‌కు అలాంటి చోట ఎంత ఆయుష్షుంటుంది?

ఆస్ట్రేలియా జాతీయ చలనచిత్ర, శబ్ద భాండాగారం 2015లోనే ఒక హెచ్చరిక చేసింది. 2025లోగా డిజిటల్‌లోకి మార్చని టేపుల్లో చాలావరకు తిరిగి దక్కవని దాని సారాంశం. ఆ గడువు దాటిపోయింది. వీసీఆర్ తయారుచేస్తున్న చివరి కంపెనీగా పేరున్న జపాన్ సంస్థ ఫునాయ్ 2016 జూలైలో ఉత్పత్తి ఆపింది. బ్రిటన్‌లో పోయిన కార్యక్రమాల కోసం వెతికే అభిమానులున్నారు, 1993 నుంచి బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వారి ప్రత్యేక కార్యక్రమం ఉంది. సాంచా కార్మికుడి అటకమీది పెట్టెను వెతకడానికి ఏ విదేశీ అభిమానీ రాడు.

కాబట్టి ఇంట్లో క్యాసెట్ దొరికితే మీరు ఏం చేయాలో చెబుతాను. టేపు అంచుమీద తెల్లని పొడి కనిపిస్తే అది బూజు, యంత్రంలో పెట్టకండి, పెడితే హెడ్డుకూ, తర్వాత పెట్టే క్యాసెట్‌కూ అంటుకుంటుంది. బాగున్నదాన్ని నిలబెట్టి, ఎండ తగలని పొడిచోట ఉంచి, మార్చి ఇచ్చేవారి దగ్గరికి తీసుకువెళ్లండి. మార్చిన బొమ్మను నాయనమ్మతో, మేనత్తతో కూర్చుని చూస్తూ ఎవరెవరో పేర్లు, ఊరు, సంవత్సరం రాసుకోండి. క్యాసెట్ వెనుక అంచున ఒక మూల చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది. అది విరిగి ఉంటే దానిమీద ఎవరూ మళ్లీ రికార్డు చేయకూడదని మీ ఇంట్లో ఎవరో అప్పుడే నిర్ణయించారన్నమాట. విరిగిన చోట అంటించిన టేపు ముక్క కనిపిస్తే తర్వాత ఇంకెవరో మనసు మార్చుకున్నారు. ఏ సినిమా కోసమో అడగండి.