టేపు చివరి ఛాయాచిత్రాలు

హోలోకాస్ట్, అంటే రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నాజీ జర్మనీ, దాని సహకార శక్తులు కలిసి సుమారు 60 లక్షల మంది యూదులను హతమార్చిన సంహారకాండ, ముగిసిన మూడు దశాబ్దాలకు గాని దాని నుంచి బతికి బయటపడినవారిని వెతికి కెమెరా ముందు కూర్చోబెట్టే పని ఒక పద్ధతిగా మొదలు కాలేదు. ఈ జాప్యానికి సాంకేతిక కారణాల కంటే సామాజిక కారణాలే ఎక్కువ. అమెరికాకు వలస వచ్చిన బాధితులకు తొలి ఏళ్లలో వినేవారే కరువయ్యారు. జరిగింది మరిచి కొత్త బతుకు చూసుకోమన్న హితవే తరచుగా ఎదురైంది. 1978లో ఎన్‌బీసీ టెలివిజన్ 'హోలోకాస్ట్' ధారావాహికను ప్రసారం చేసినప్పుడు, తెరమీద చూపినదానికీ తాము అనుభవించినదానికీ పొంతన లేదని బాధితుల్లో పలువురు అభ్యంతరం చెప్పారు. ఆ మరుసటి ఏడే కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్‌లో టెలివిజన్ జర్నలిస్టు లారెల్ వ్లాక్, బాల్యంలో తానే నిర్బంధ శిబిరంలో గడిపిన మనోవైద్యుడు డోరి లాబ్ కలిసి, ఊళ్లోని బాధితుల సంఘం సహాయంతో వీడియో కథనాల సేకరణకు పూనుకున్నారు. 1981లో ఆ టేపులు యేల్ విశ్వవిద్యాలయానికి చేరాయి. ఫార్టునాఫ్ పేరుతో నడుస్తున్న ఆ భాండాగారంలో నేడు 4,400కు పైగా కథనాలున్నాయి.

అంతకుముందు ప్రయత్నాలు లేకపోలేదు. షికాగోలో పనిచేస్తున్న మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ బోడర్ 1946లోనే, సన్నని తీగపై ధ్వనిని ముద్రించే యంత్రాన్ని ఐరోపాకు మోసుకెళ్లి, ఇల్లూ ఊరూ పోయినవారికి యుద్ధానంతరం ఆశ్రయమిచ్చిన శిబిరాల్లో సుమారు 130 మంది మాటలను నమోదు చేశాడు. అయితే బోడర్‌కు దక్కింది గొంతు మాత్రమే. పైగా నాజీ శిబిరాల్లో అడుగుపెట్టగానే బట్టలతోపాటు ఫొటోలను కూడా లాగేసుకున్నారు గనుక, అలా బయటపడినవారి దగ్గర చూపడానికి సాధారణంగా ఏమీ మిగలలేదు.

ఈ పనిని ప్రపంచవ్యాప్తం చేసింది, 'షిండ్లర్స్ లిస్ట్' చిత్రం తరువాత దర్శకుడు స్టీవెన్ స్పీల్‌బర్గ్ 1994లో నెలకొల్పిన షోవా ఫౌండేషన్. అయిదారేళ్ల వ్యవధిలో 56 దేశాల్లో, 32 భాషల్లో దాదాపు 52,000 మందిని, ఎక్కువగా వారి వారి ఇళ్లలోనే, ఆ సంస్థ చిత్రీకరించింది. వృద్ధులను వెతకడంలో యూదు సంఘాలు, ప్రార్థనా మందిరాలు, ఒకే ఊరినుంచి వలస వచ్చినవారు కట్టుకున్న స్వస్థల సంఘాలు ప్రధాన ఆధారాలయ్యాయి. అందువల్ల ఈ సంఘాలకు దూరంగా మసలినవారు, పేరు మార్చుకుని గతాన్ని పిల్లలకు సైతం చెప్పనివారు ఇలాంటి వెతుకులాటకు తేలిగ్గా చిక్కరు. ఎంత పెద్ద సంఖ్య చెప్పుకున్నా ఈ పరిమితిని గుర్తుంచుకోక తప్పదు. కథనం యుద్ధానికి పూర్వపు జీవితంతో మొదలై, యుద్ధకాలం మీదుగా సాగి, తరువాతి జీవితంతో ముగిసేది. ఆ పైన కుటుంబ సభ్యులను పిలిచి పక్కన కూర్చోబెట్టేవారు. దాచుకున్న ఫొటోలను, కాగితాలను ఒక్కొక్కటిగా కెమెరాకు చూపిస్తూ, అందులో ఉన్నదెవరో, ఏ ఊరో, ఏ ఏడో ఆ వృద్ధులచేతనే చెప్పించేవారు.

టేపు చివర వచ్చే ఈ భాగాన్ని అనుబంధంగా చూసే అలవాటు ఉంది గాని, అది సరికాదు. 1945లో ఇరవై ఏళ్లున్నవారికి 1979 నాటికి యాభై నాలుగు, 1994 నాటికి అరవై తొమ్మిది. కెమెరా వచ్చేసరికి మిగిలినవారు చాలావరకు యుద్ధకాలంలో పిల్లలు లేదా యువకులు. పిల్లలతో సహా కుటుంబాన్ని దాటించడమా, ఉన్నచోటే ఉండడమా అని తేల్చుకోవలసి వచ్చిన తల్లిదండ్రుల తరం అప్పటికే హత్యకో వయసుకో బలైంది. ఆ తరం తన మాట చెప్పుకోలేక, కొడుకుల, కూతుళ్ల చేతుల్లోని ఛాయాచిత్రాల్లో మాత్రమే కనిపిస్తుంది.

ఆ చిత్రాలు మిగిలిన తీరుకు ఐషిష్కి ఊరి ఉదాహరణ ప్రసిద్ధం. నేడు లిథువేనియాలో ఉన్న ఆ చిన్న పట్టణంలో, చుట్టుపక్కల ఊళ్లనుంచి తెచ్చినవారితో కలిపి సుమారు 3,500 మంది యూదులను 1941 సెప్టెంబరులో కాల్చి చంపారు. అప్పటికి పసిపిల్లగా ఉండి బతికి, అమెరికాలో చరిత్రకారిణిగా స్థిరపడిన యాఫా ఎలియాక్ 1979లో హోలోకాస్ట్‌పై అమెరికా అధ్యక్షుడు నియమించిన సంఘంతో పాటు పోలండ్ వెళ్లివచ్చాక, తన ఊరివారి చావుకు బదులు బతుకును పునర్నిర్మించాలని సంకల్పించి, దేశదేశాల్లో చెదిరిన ఊరివారినీ వారి బంధువులనూ ఏళ్ల తరబడి వెతికి 6,000కు పైగా ఫొటోలు కూడగట్టింది. ఆమె తాత, అమ్మమ్మ ఆ ఊరి ఫొటోగ్రాఫర్లు కావడం ఈ సేకరణకు పెద్ద ఆసరా. యుద్ధానికి ముందే అమెరికా చేరిన బంధువులకు నూతన సంవత్సర శుభాకాంక్షలుగా పంపిన ఫొటోలు మహాసముద్రం దాటినందువల్లే మిగిలాయి. విహారాలు, పెళ్లిళ్లు, పిల్లల ఆటలు, చలికాలపు వీధులు: వీటిలో మామూలు జీవితమే తప్ప హింస కనిపించదు. 1993లో వాషింగ్టన్‌లో ప్రారంభమైన హోలోకాస్ట్ స్మారక మ్యూజియంలో వీటిలో వెయ్యింటిని అంతస్తులు దాటే ఎత్తున అమర్చి 'ముఖాల గోపురం' అన్నారు.

ఇందుకు పూర్తిగా భిన్నమైనది లిల్లీ జాకబ్ ఆల్బం. 1945 ఏప్రిల్‌లో నాజీల డోరా నిర్బంధ శిబిరంలో విముక్తి పొందిన ఆ యువతికి శిబిరాలను నడిపిన నాజీ దళం ఎస్ఎస్ సిబ్బంది వదిలేసిన గదిలో ఒక ఆల్బం దొరికింది. అందులో 1944లో తనను, తనవారిని తెచ్చిన రైలు ఆష్విట్జ్ మరణ శిబిరానికి చేరిన దృశ్యాలున్నాయి. తన తమ్ముళ్లను ఆమె గుర్తుపట్టింది. తమవారి ముఖాలు కనిపించిన ఇతర బాధితులకు ఆమె కొన్ని ఫొటోలు తీసి ఇచ్చేసింది. అమెరికాలో ఉన్న ఆమెను పరిశోధకుడు సెర్జ్ క్లార్స్‌ఫెల్డ్ వెతికి పట్టుకుని ఒప్పించాక, 1980లో ఆ ఆల్బంను యెరూషలేంలోని యాద్ వషేం స్మారక సంస్థకు అప్పగించింది. చరిత్రకారులు నేడు చూసే ఆ ఆల్బంలో కొన్ని ఫొటోలు లేకపోవడానికి ఆమె అలా పంచిపెట్టడమే కారణం.