పురం నుంచి దేశానికి: పెదవేగి – వేంగీ నామ ప్రస్థానం

ఉపోద్ఘాతం

తెలుగు సాహిత్య చరిత్రలో వేంగి అనగానే రాజమహేంద్రవరం, రాజరాజనరేంద్రుడు, నన్నయ స్ఫురిస్తారు. కాని ఆ పేరుకు మూలమైన ఊరు గోదావరి గట్టున లేదు. ఏలూరుకు ఉత్తరంగా సుమారు 12 కిలోమీటర్ల దూరంలో, పెదవేగి అనే పేరుతో నేటికీ నిలిచి ఉంది. పక్కన చినవేగి, సమీపంలో దెందులూరు ఉన్నాయి. ఈ గ్రామాల పరిసరాలలోని దిబ్బలను ప్రాచీన వేంగీపుర శేషాలుగా చరిత్రకారులు గుర్తించారు. నగరం పేరు దేశం పేరుగా విస్తరించిన క్రమంలో నగరమే మరుగున పడిన తీరును శాసన, సాహిత్య, భాషాధారాలతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

శాలంకాయనుల పురం

క్రీ.శ. 4వ శతాబ్దికి చెందిన సముద్రగుప్తుని ప్రయాగ స్తంభ శాసనం దక్షిణాపథ రాజులను పేర్కొంటూ వేంగికి చెందిన హస్తివర్మను స్మరించింది. ఇతడు శాలంకాయన వంశీయుడు. పెదవేగి తామ్రశాసనం హస్తివర్మ, నందివర్మ, చండవర్మ, మళ్లీ నందివర్మ అనే నాలుగు తరాల క్రమాన్ని తెలిపి, ఈ వంశ చరిత్రకు వెన్నెముకగా నిలిచింది. ఫ్లీట్ 1876లో ప్రకటించిన కొల్లేరు శాసనం కూడా ఈ వంశంలోని నందివర్మదే. శాలంకాయన దానశాసనాలు వేంగీపురం నుంచి వెలువడినట్లు చెప్పుకుంటాయి. రాజులు తాము చిత్రరథస్వామి పాదభక్తులమని ప్రకటించుకుంటారు. ఈ దశలో వేంగి అంటే రాజు కొలువున్న పురం. దేశమనే అర్థం ఇంకా ప్రధానం కాలేదు.

ఈ శాసనాల లిపికి బర్నెల్ 1874లో తన దక్షిణ భారత లిపిశాస్త్ర గ్రంథంలో ‘వేంగీ లిపి’ అని పేరు పెట్టాడు. తరువాతి పరిశోధకులు తెలుగు–కన్నడ లిపి అనే పేరుకు మొగ్గు చూపినా, మన అక్షరాల పరిణామాన్ని చెప్పేటప్పుడు ఈ ఊరి ప్రస్తావన తప్పనిసరి.

నేల స్వభావం

రాజధాని ఇక్కడే వెలయడానికి నేల స్వభావం కొంత సమాధానం చెబుతుంది. పెదవేగి మెట్టకూ పల్లానికీ నడుమ ఉంది. ఉత్తరాన ఎర్రనేలలు, వాటికి ఆవల గుంటుపల్లి బౌద్ధ గుహలున్న కొండలు. దక్షిణాన కొల్లేరు, దాని చుట్టూ మాగాణి. ముంపుకు అందని మెట్ట మీద ఉంటూ పల్లపు పంటను, సరస్సు సంపదను ఏలడానికి అనువైన చోటు ఇది. ఆ సరస్సు యుద్ధరంగం కూడా అయింది. రెండవ పులకేశి విజయాలను కీర్తించే క్రీ.శ. 634 నాటి ఐహోళె శాసనం పిష్టపురంతోపాటు, రక్తంతో ఎరుపెక్కిన కునాల జలాలను వర్ణించింది. కునాలమంటే కొల్లేరేనని పండితుల నిర్ణయం.

పురం దేశమైన వేళ

పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనునితో క్రీ.శ. 624 ప్రాంతంలో తూర్పు చాళుక్య పాలన ఆరంభమైంది. ఆ శతాబ్దిలోనే వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ ఆంధ్రదేశ రాజధానిగా చెప్పిన నగరాన్ని వేంగిగా గుర్తించారు. ఇక్కడి భాష మధ్యదేశపు భాషకు భిన్నమనీ, అక్షరాల ఆకృతి మాత్రం చాలావరకు ఒకటేననీ అతడు గమనించడం భాషాచరిత్రకారులకు విలువైన సాక్ష్యం.

చాళుక్య శాసనాల వంశావళిలో కుబ్జ విష్ణువర్ధనుడు పద్దెనిమిదేళ్లు పాలించింది ‘వేంగీదేశాన్ని’. చోళ శాసనాలలో అది ‘వేంగై నాడు’. 11వ శతాబ్దిలో నన్నయ భారతావతారికలో వేంగీదేశాన్ని భూమికే అలంకారంగా, రాజమహేంద్రపురాన్ని ఆ దేశపు హారంలో నాయకమణిగా వర్ణించాడు. హారం పేరు వేంగి. మణి పేరు వేరు. పేరిచ్చిన పురానికి ఆ వర్ణనలో చోటు లేదు. దీనిని నన్నయ విస్మృతిగా భావించనక్కరలేదు. అప్పటికి వేంగి అనే పదం ఊరిని దాటి దేశవాచకంగా స్థిరపడిందనడానికి ఇది నిదర్శనం.

వేంగి – వేగి

కావ్యంలో లేని ఊరు జనం నోట నిలిచింది. దీర్ఘం మీది నిండుసున్న అరసున్న కావడం, అది క్రమంగా లోపించడం తెలుగు ధ్వనిచరిత్రలో సుపరిచితం. ‘మూఁడు’ మూడైనట్లే వేంగి ‘వేఁగి’ మీదుగా ‘వేగి’ అయిందనడం ఆ మార్పుకు అనుగుణం. సంస్కృత శాసనభాష ‘వేంగీ’ రూపాన్ని కాపాడితే, దేశ్యవ్యవహారం తన సహజ పరిణామాన్ని అనుసరించింది. ‘పెద’, ‘చిన’ విశేషణాలు ఒకే పేరును రెండు ఊళ్లు పంచుకున్న తీరును చూపుతాయి. రాజవంశాలు అంతరించినా పేరు చెదరకపోవడానికి కారణం ఆ నేలను విడవని రైతాంగమే.

ముగింపు

నేడు పెదవేగి పేరు ఎక్కువగా వినబడేది ఆయిల్ పామ్ సాగు సందర్భంలో. 1995లో జాతీయ ఆయిల్ పామ్ పరిశోధన కేంద్రం ఇక్కడే నెలకొంది. మెట్టనేల కొత్త పంటతో కొత్త గుర్తింపు పొందింది. పాత గుర్తింపు దిబ్బలలో ఉంది. 1980ల దశకంలో భారత పురావస్తు శాఖ ఇక్కడ తవ్వకాలు జరిపింది. దెందులూరులోని భీమలింగ దిబ్బ రక్షిత స్థలం. అయితే వేంగీపురం ఎంత మేర విస్తరించింది, దాని ప్రాభవం ఎప్పుడు తగ్గింది అనే ప్రశ్నలకు శాసనాలు పూర్తి సమాధానం ఇవ్వవు. ఆ సమాధానం మట్టిపొరల వరుసలో ఉంటుంది. దిబ్బ మట్టి ఒకసారి కదిలితే, తామ్రపత్రం వలె దానిని మరల చదవడం సాధ్యం కాదు.

సాహిత్య పరిశోధకులకూ ఇందులో బాధ్యత ఉంది. ప్రాచీన రచనలోనో శాసనంలోనో ‘వేంగి’ కనబడినప్పుడు అది పురమా, దేశమా అని కాలాన్ని బట్టి విడదీసి చూడాలి. అలా చూస్తే పెదవేగి తెలుగు సాహిత్య చరిత్రకు పీఠికలో ఒక పేరుగా మిగలక, ఆ చరిత్రకు నేలగా కనబడుతుంది.