జాతర బండ్లు – ఆటల బండ్లు

రెండేండ్లకొకసారి మాఘమాసములో ములుగు జిల్లా మేడారమున సమ్మక్క–సారలమ్మ జాతర జరుగును. ఆ దినములలో సిర్పూరు కాగజ్‌నగర్, మంచిర్యాల, రామగుండము, పెద్దపల్లి స్టేషనులలో ‘బంగారము’ మూటలతో, పిల్లాపాపలతో జనము కిక్కిరిసి కనిపించును. బంగారమనగా అమ్మవార్లకు సమర్పించు బెల్లమే. మేడారమునకు రైలుమార్గము లేదు. వరంగల్లు వరకు బండిలో పోయి, అచటినుండి సుమారు 100 కిలోమీటర్లు బస్సులో పోవలెను. 2024 ఫిబ్రవరి 21 నుండి 24 వరకు జరిగిన జాతరకు దక్షిణమధ్య రైల్వేవారు సిర్పూరు కాగజ్‌నగర్, నిజామాబాదు, ఆదిలాబాదులనుండి వరంగల్లునకు రిజర్వేషను లేని ప్రత్యేక బండ్లను నడిపిరి.

పెట్టెలు, ఇంజను ఉన్నచో ప్రత్యేక బండి నడుపుట సులభమే కదా యని తోచును. కాని ఇందలి చిక్కు వేరు. దానిని తెలిసికొనుటకు కొంత వెనుకకు పోవలెను.

1841 జూలై 5వ తేదీన ఇంగ్లండులో థామస్ కుక్ అను నతడు మద్యపాన నిషేధ సభకై లెస్టరునుండి లఫ్‌బరోకు సుమారు 500 మందిని ఒక బండిలో తీసికొనిపోయెను. ఛార్జీ మనిషికి ఒక షిల్లింగు. ఒకేదినమున ఒకేచోటికి పోవు జనమునకై ప్రత్యేకముగా బండి వేయుటలో ప్రజలకు సౌకర్యము, రైల్వేలకు లాభము గలవని ఇట్టి ప్రయాణములవలన తెలియవచ్చెను. తరువాత గుర్రపు పందెములకు, ఫుట్‌బాలు ఆటలకు ప్రత్యేక బండ్లు నడుచుట పరిపాటి అయ్యెను.

1923 ఏప్రిల్ 28న లండనులోని వెంబ్లీ క్రీడారంగమున మొదటి ఆట జరిగెను. దానిలో సుమారు లక్షా ఇరువదియైదువేల మందికి చోటుండగా, వచ్చినవారు రెండు లక్షలకు మించిరని అంచనా. ఆనాడే ఆ క్రీడారంగము ప్రక్కన ఒక వింత స్టేషను తెరువబడెను. పట్టాలు ప్రధానమార్గమునుండి విడివడి, ఉచ్చువలె చుట్టు తిరిగి, మరల ఆ మార్గమునే కలిసికొనును. బండి జనమును దింపి ముందునకే సాగిపోవును. ఇంజనును విప్పి రెండవ కొనకు తగిలించు పని లేదు. ఈ స్టేషను 1968 వరకు ఆటలనాడు ఉపయోగపడినది.

ఆ ఉచ్చు విలువ కరీంనగరమువారికి బాగుగా తెలియును. కరీంనగరమునుండి కాజీపేట వైపు పోవు బండ్లు పెద్దపల్లిలో ఇంజనును మార్చుకొని వచ్చినదిక్కునకే తిరుగవలసి వచ్చెడిది. ఈ కాలహరణము తప్పించుటకే అచట బైపాసు మార్గము నిర్మించుటకు పూనుకొనిరి.

ఇక చిన్నలెక్క వేయుదము. ఒక సాధారణ పెట్టెలో 90 మంది కూర్చుండగలరు. 20 పెట్టెల బండిలో 1,800 మంది. రెండు స్టేషనుల నడుమ దూరము 10 కిలోమీటర్లు, వేగము గంటకు 60 కిలోమీటర్లు అనుకొందము. ఆ భాగములో ఒక బండి ఉండగా రెండవదానిని విడువరాదు. దాటుటకు 10 నిమిషములు, మరల లైను ఇచ్చుటకు 2 నిమిషములు. అనగా గంటకు 5 బండ్లు, 9,000 మంది. వేగము రెట్టింపైనచో 7 నిమిషములకొక బండిని విడువవచ్చును. కాని చివరి స్టేషనులో ఒక్కటే ప్లాట్‌ఫారము ఉండి, ఇంజను మార్చుటకు 20 నిమిషములు పట్టినచో గంటకు 3 బండ్లే! కుండ ఎంత పెద్దదైనను నీరు మూతి వెడల్పునుబట్టియే వెలువడును. పైగా కాజీపేట–బల్లార్షా మార్గము ఢిల్లీ–మద్రాసు ప్రధానమార్గములోనిది. సింగరేణి బొగ్గు బండ్లును దీనిమీదనే పోవును. వాటి నడుమ ఖాళీ దొరికినప్పుడే జాతర బండికి దారి.

రెండవ చిక్కు తిరుగు ప్రయాణము. హైదరాబాదులో 2017 నవంబరున ప్రారంభమైన నాగోలు–అమీరుపేట మెట్రోమార్గములో ‘స్టేడియం’ అను స్టేషను గలదు. ఉప్పలు మైదానమున క్రికెట్ జరుగు రాత్రులందు మెట్రో బండ్లను మామూలు వేళ మించి నడుపుచుందురు. 12,000 మంది మెట్రోలో వచ్చిరనుకొందము. ఆటకు ముందు మూడు గంటలలో మెల్లమెల్లగా వచ్చినచో గంటకు 4,000 మందియే. ఆట ముగియగానే అందరును ఒక్కసారిగా లేచెదరు. మూడు పెట్టెల బండిలో సుమారు వేయిమంది పట్టుదురు. 5 నిమిషములకొక బండి వేసినను చివరివాడు ఒక గంట నిలువవలసినదే. ఆ గంటసేపు జనమును ఎక్కడ నిలుపవలెననునదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నకు సమాధానము లేనిచోట ప్రాణములు పోవును. 2013 ఫిబ్రవరి 10న కుంభమేళానుండి మరలుచున్న యాత్రికులు అలహాబాదు స్టేషనులో కాలినడక వంతెన వద్ద తొక్కిసలాటలో చిక్కుకొని 36 మంది మరణించిరి. వారు గమ్యము చేరనివారు కారు. స్నానము ముగించుకొని ఇండ్లకు బయలుదేరినవారు. 2025 కుంభమేళాకు ప్రయాగరాజులో దిక్కునకొక రంగు చొప్పున ఆవరణములు ఏర్పరచి, ప్రయాణికులను అందు కూర్చుండబెట్టి, బండినిబట్టి లోనికి పంపిరి. ప్లాట్‌ఫారము మీదికి బండికి సరిపడు జనమును మాత్రమే వదలుట ఇందలి సూత్రము.

2015 తరువాత గోదావరి పుష్కరములు మరల 2027లో వచ్చును. బాసర, మంచిర్యాల స్టేషనులు రెండును గోదావరికి చేరువలోనివే. ఉపాధ్యాయులు తమ విద్యార్థులను దగ్గరి స్టేషనునకు తీసికొనిపోయి, ఒక పెట్టె తలుపులో నిమిషమునకు ఎందరు ఎక్కుచున్నారో, వంతెన మెట్లమీద నిమిషమునకు ఎందరు దిగుచున్నారో లెక్కింపజేయవచ్చును. తలుపు అంకెను బండిలోని తలుపుల సంఖ్యతో గుణించి, దానిలోను మెట్ల అంకెలోను ఏది చిన్నదో దానినిబట్టియే జనమును వదలవలెను. ఇది తెలిసిన బాలుడు గుంపులో తోసికొని ముందునకు పోడు. తన తల్లిని, చెల్లెలిని ప్రక్కకు తీసికొని తరువాతి బండికై నిలుచును.