ఎవరో, ఎవరూ, ఎవరైనా: కొండ కింద ఇంగ్లీషు కథ

తిరుపతిలో అలిపిరి మెట్ల దగ్గర బస్సు దిగిన యాత్రికుల్లో ఒకరు ఫోన్ చేసి "అందరూ ఇంకా రాలేదు" అంటే అవతలి మనిషికి అనుమానం రాదు. కొందరు వచ్చేశారు, కొందరు రావాలి, అంతే. ఒక్కరు కూడా రాకపోయి ఉంటే "ఎవురూ రాలేదు" అనేవాడు. ఇదే మాటను తెలుగు వరసలోనే ఇంగ్లీషులోకి దించి "ఆల్ హావ్ నాట్ కమ్" అంటే మాత్రం వినేవాడు తడుముకుంటాడు. కొందరు రాలేదనా, అసలెవరూ రాలేదనా? అందుకే వ్యాకరణాల పంతుళ్లు "నాట్ ఆల్" అని ముందే తేల్చేయమంటారు. అయితే మన "మెరిసేదంతా బంగారం కాదు" లాగే ఇంగ్లీషు సామెత కూడా ఆల్‌ను ముందు, నాట్‌ను వెనక పెట్టుకునే వందల ఏళ్లుగా చెలామణీ అవుతోంది. అది విని, మెరిసేది ఏదీ బంగారం కాదని ఇంగ్లీషువాళ్లెవరూ అనుకోలేదు.

ఎర్ర సిరాతో కొట్టేసిన ఇలాంటి వాక్యాల వెనక చాలా చరిత్ర ఉంది. ఆల్, ఎనీ, సమ్, ఫ్యూ, ఎవ్రీ వంటి పరిమాణ పదాలూ, సమ్‌బడీ, నోబడీ వంటి అనిర్దిష్ట సర్వనామాలూ తెలుగువాళ్లను ఇన్ని తరాలుగా తికమక పెట్టడానికి కారణం, రెండు భాషలూ ఒకే పొలంలో వేర్వేరు చోట్ల గట్లు వేసుకోవడమే.

తెలుగు గట్లు తిన్నగా ఉంటాయి. ప్రశ్న పదం ఒకటి తీసుకుని చివర చిన్న తోక తగిలిస్తే చాలు. "ఎవరు" అన్నది ప్రశ్న. "ఎవరో" అంటే మనిషి ఉన్నాడు, ఫలానా అని తెలియదు. "ఎవరైనా" అంటే ఏ మనిషైనా ఒకటే. "ఎవరూ" అన్నామంటే వెనకే ఒక లేదో కాదో రావాలి. ఏది, ఎక్కడ, ఎప్పుడు, ఎలా, అన్నిటిదీ ఇదే వరస. చిత్తూరు జిల్లా నోట్లో ఎక్కడ కాస్తా యాడ అయినా లెక్క చెడదు: యాడో, యాడా, యాడైనా. కొలత దగ్గర ఇంకో ఏర్పాటు ఉంది. మనుషులైతే కొందరు, వస్తువులైతే కొన్ని, కొలిచేదైతే కొంత. ఎందరు, ఎన్ని, ఎంత కూడా అంతే. ఇంగ్లీషు "సమ్" ఈ మూడు గదుల్లోకీ ఒక్క తాళంచెవితోనే దూరిపోతుంది. అలాగని తెలుగు అన్నిచోట్లా గదులు కట్టుకోలేదు. శానా మంది, శానా నీళ్లు, శానా ఎండ అంటూ సీమ మనిషి ఒక్క మాటతో గడిపేసే చోట ఇంగ్లీషుకు మెనీ, మచ్, వెరీ అని మూడు కావాలి.

ప్రశ్న పదాల నుంచి ఇలా మాటలు పుట్టించడం తెలుగు ఒక్కదాని గొప్పేమీ కాదు. భాషాశాస్త్రవేత్త మార్టిన్ హాస్పెల్‌మత్ 1997లో అనిర్దిష్ట సర్వనామాల మీద ఒక పుస్తకమే రాశాడు. ఆయన తర్వాత ప్రపంచ భాషా నిర్మాణాల అట్లాసు కోసం 326 భాషలను పరిశీలిస్తే, 194 భాషలు ఈ పని ప్రశ్న పదాలతోనే చేస్తున్నాయని తేలింది. ఒంటిని, వస్తువును చెప్పే బడీ, థింగ్ వంటి మామూలు నామాల ముందు సమ్, ఎనీ, నో తగిలించే ఇంగ్లీషు తక్కువమంది పక్షాన ఉంది.

ఆ ఇంగ్లీషు ఏర్పాటు కూడా ఒక్క రోజులో కుదిరింది కాదు. "ఎనీ" పాత ఇంగ్లీషులో ఒకటి అనే అంకె నుంచి పుట్టింది. అదే అంకెకు "కాదు" ముందు చేరితే "నన్" అయింది. "ఎవర్", "ఈచ్" అనే రెండు మాటలు అతుక్కుని "ఎవ్రీ" అయ్యాయి. లెక్కపెట్టేవాటికి "ఎనౌ", కొలిచేవాటికి "ఇనఫ్" అంటూ మన కొన్ని, కొంతలను పోలిన తేడా కూడా ఒకప్పుడు అక్కడ ఉండేది. ఎనౌ పోయింది, ఇనఫ్ మిగిలింది. 14వ శతాబ్దపు కవి ఛాసర్ ఒకే వాక్యంలో రెండు మూడు కాదులు నిశ్చింతగా పేర్చాడు. ఆయన కాలంలో అవి ఒకదాన్నొకటి కొట్టేసుకునేవి కావు, ఒకదానికొకటి బలమిచ్చేవి. రెండు కాదులు కలిస్తే అవును అవుతుందన్న లెక్కల సూత్రాన్ని పాఠశాలల్లో స్థిరపరిచింది 18వ శతాబ్దపు వ్యాకర్తలు, ముఖ్యంగా 1762లో వ్యాకరణం ప్రచురించిన రాబర్ట్ లౌత్. ఈ సంగతి తెలిస్తే, "ఎవరూ రాలేదు"ను "నోబడీ డిడ్ నాట్ కమ్" అని రాసిన తిరుపతి పిల్లవాడి మీద జాలి పడాల్సిన పనిలేదు. వాడు ఛాసర్ పక్కన కూర్చున్నాడు, కాకపోతే 600 ఏళ్లు ఆలస్యంగా.

"లెస్", "ఫ్యూయర్" తగవు మరీ విచిత్రం. లెక్కపెట్టేవాటికి లెస్ వాడకూడదన్న నియమానికి మూలం 1770లో రాబర్ట్ బేకర్ అనే ఆయన ఫ్యూయర్ అయితే తనకు సొగసుగా తోస్తుందని రాసిన అభిప్రాయం. 9వ శతాబ్దంలో ఆల్ఫ్రెడ్ రాజు అనువాదాల నాటికే లెస్ లెక్కపెట్టేవాటికీ వాడుకలో ఉంది. ఒకరి అభిరుచి కాలక్రమంలో శాసనమైంది. 2008లో బ్రిటన్‌లోని టెస్కో దుకాణాలు తక్కువ సరుకుల కౌంటరు బోర్డు మీద ఈ గొడవ పడలేక "అప్ టు 10 ఐటమ్స్" అని మార్చుకుని తప్పించుకున్నాయి.

ఇదంతా సముద్రాల అవతలి సంగతి. కొండ కిందికి ఈ మాటలు వచ్చిన దారి కచేరీ దారి. 1801లో ఆర్కాటు నవాబు సీమతో పాటు తిరుపతి ఈస్టిండియా కంపెనీ పాలనలోకి వెళ్లింది. 1803లో చిత్తూరు కలెక్టరు స్ట్రాటన్ తిరుమల గుడి వ్యవహారాల మీద ఒక నివేదిక తయారుచేయించాడు. 1821లో బ్రూస్ పేరుతో 42 నిబంధనల కోడ్ వచ్చింది. నిబంధన అనేదానికి ప్రాణమే పరిమాణ పదం: ఎవరికి చెల్లుతుంది, ఎవరికీ చెల్లదు, ఎవరెవరికి మినహాయింపు. బడి ఇంగ్లీషు కంటే ముందు ఈ ఊరికి తగిలింది ఈ కచేరీ ఇంగ్లీషే.

అదే కాలంలో రెండు భాషలనూ పక్కపక్కన పెట్టి చూసే పని కూడా మొదలైంది, కానీ ఎదురు దిశలో. క్యాంబెల్ తెలుగు వ్యాకరణం 1816లో, కడపలో కొలువు చేసిన బ్రౌన్ వ్యాకరణం 1840లో, ఆర్డెన్ వ్యాకరణం 1873లో వెలువడ్డాయి. ఇవన్నీ తెలుగు నేర్చుకోవలసిన దొరల కోసం, మిషనరీల కోసం రాసినవి. మన ఓలూ, ఊలూ, అయినాలూ ఏమిటో వాళ్లకు అరటిపండు ఒలిచినట్టు చెప్పేవారున్నారు. తెలుగు పిల్లవాడి చేతికొచ్చిన పేరుమోసిన ఇంగ్లీషు వ్యాకరణాలకు మాత్రం వాడి ఇంటి భాష ఏదో పట్టలేదు. 1890ల నుంచి మాక్మిలన్ అచ్చు వేసిన నెస్‌ఫీల్డ్ పుస్తకాలు దేశమంతటికీ ఒకటే పాఠం. అలహాబాదు పిల్లవాడికీ, చంద్రగిరి పిల్లవాడికీ ఒకటే మందు!

అయినా ఈ సీమ ఇంగ్లీషులో వెనకబడలేదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1896 నుంచి 1900 దాకా తిరుపతిలో చదివింది హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషన్ బడిలో, అంటే ఒక జర్మన్ మిషన్ నడిపిన బడిలో. చిత్తూరు దగ్గరి కట్టమంచిలో 1880లో పుట్టిన రామలింగారెడ్డి కేంబ్రిడ్జి దాకా వెళ్లి, తిరిగొచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. 1891లో తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ రాజ్యాంగ సభలో కూర్చున్నారు.

ఆ సభ తయారుచేసిన పత్రాన్ని పరిమాణ పదాల కోసమే చదివినా బోలెడు తెలుస్తుంది. చట్టం ముందు సమానత్వం చెప్పే 14వ అధికరణలో "ఎనీ పర్సన్" ఉంది. వాక్‌స్వాతంత్ర్యం ఇచ్చే 19వ దానిలో "ఆల్ సిటిజన్స్". ప్రాణరక్షణ చెప్పే 21లో "నో పర్సన్". 1976లో చేర్చిన ప్రాథమిక విధుల్లో "ఎవ్రీ సిటిజన్". పర్సన్, సిటిజన్ అన్న తేడాతో పరదేశీయుడికి ఏది దక్కుతుందో, ఏది దక్కదో తేలిపోతుంది. 1966 అధికార భాషా చట్టం తర్వాత ఊపందుకున్న ప్రభుత్వ తెలుగు ఈ "ఎనీ"ల కోసం "ఎవరేని", "ఏదేని" అనే గ్రాంథిక రూపాలను బతికించింది. ఇళ్లల్లో ఎవరూ అనని ఆ మాటలు గెజెట్లలో ఇప్పటికీ క్షేమంగా ఉన్నాయి.

లింగం చిక్కు కూడా ఈ పరిమాణ పదాల దగ్గరే వస్తుంది. "ఎవ్రీవన్" తర్వాత "హిజ్" అనాలా, "దెయిర్" అనాలా? 14వ శతాబ్దం నుంచీ ఇంగ్లీషులో దెయిర్ నడుస్తుండగా, 18వ శతాబ్దపు వ్యాకరణాలు హిజ్‌ను నిలబెట్టాయి. మన 1897 జనరల్ క్లాజెస్ చట్టం పుంలింగ పదాల్లో స్త్రీలు కూడా ఉన్నట్టేనని రాసి చేతులు దులుపుకుంది. మనుషుల బహువచనంలో ఆడ, మగ తేడా పాటించని తెలుగు "ప్రతి ఒక్కరూ తమ పని తాము" అని ఇలాంటి చట్టం సాయం లేకుండానే దాటేసింది.

నెస్‌ఫీల్డ్ తర్వాత, 1930ల్లో రెన్ అండ్ మార్టిన్ ఇంగ్లీషు వ్యాకరణం వచ్చింది. పి.సి. రెన్ బొంబాయి ప్రెసిడెన్సీలో విద్యాశాఖ ఉద్యోగి. సాహస నవలలూ రాశాడు. తర్వాతి కాలంలో ఆ వ్యాకరణాన్ని ఎన్.డి.వి. ప్రసాదరావు సవరించారు. ఫ్యూ, ఎ ఫ్యూ, ద ఫ్యూ అని మూడు. లిటిల్, ఎ లిటిల్, ద లిటిల్ అని మరో మూడు. ఈ ఆరింటినీ మన ప్రాంతంలో బట్టీ పట్టని డిగ్రీ విద్యార్థి అరుదు. అయినా "ఐ హావ్ ఫ్యూ డౌట్స్ సర్" అనే మాట తరగతుల్లో నేటికీ వినిపిస్తుంది. కొన్ని సందేహాలున్నాయని విద్యార్థి ఉద్దేశం, సందేహాలు లేనట్టేనని వాక్యం అర్థం. తెలుగులో ఆర్టికల్ లేదు కాబట్టి, అంత పెద్ద తేడా "ఎ" అనే అర అక్షరంలో ఇమిడి ఉంటుందని చెవికి అలవాటు కాదు. ఆ పుస్తకం నియమం చెప్పింది. చెవి సంగతి దానికి తెలియదు, తెలిసే వీలూ లేదు.

అన్ని తప్పులనూ తెలుగు నెత్తిన రుద్దడమూ న్యాయం కాదు. బ్యాంకు పరీక్షల్లో తప్పు పట్టమని ఇచ్చే ప్రశ్నల్లో "వన్ ఆఫ్ మై ఫ్రెండ్" తరచూ ఎదురవుతుంది. తెలుగులో మాత్రం "నా స్నేహితుల్లో ఒకడు" అని బహువచనమే అంటాం. కాబట్టి ఆ తప్పు మన ఇంటి నుంచి పోలేదు. వన్ అనే ఏకవచనం పక్కనున్న మాటను తన వైపు లాక్కోవడమే దానికి కారణం కావచ్చు. తలా రెండు లడ్లు పంచారనడానికి "దే గేవ్ టూ టూ లడ్డూస్" అన్నప్పుడు మాత్రం మూలం సుస్పష్టం. రెండేసి, ఒక్కొక్కటి అంటూ అంకెనే సాగదీసి పంపకం చెప్పే నేర్పు మనది. ఇంగ్లీషు అదే పనికి "ఈచ్" అనే వేరే మాటను పెట్టుకుంది.

1958లో హైదరాబాదులో కేంద్ర ఇంగ్లీషు సంస్థ మొదలయ్యాక బోధన ధోరణి మారింది. సూత్రం కంటే వాక్య నమూనాల అభ్యాసానికి పెద్దపీట వేశారు. అమెరికాలో రాబిన్ లేకాఫ్ 1969లో ఒక వ్యాసంతో, అవునుకు సమ్, కాదుకు, ప్రశ్నకు ఎనీ అనే బడి నియమం నిలవదని చూపించింది. కాఫీ కావాలా అని మర్యాదగా అడిగేటప్పుడు ప్రశ్నలో కూడా సమ్ వస్తుంది, ఎందుకంటే అడిగేవాడు అవునన్న జవాబునే ఆశిస్తున్నాడు. అంటే ఆ ఎంపికలో వ్యాకరణం కంటే మాట్లాడేవాడి మనసు ఎక్కువ. తెలుగులో "ఎవరో వచ్చారా?", "ఎవరైనా వచ్చారా?" అన్న రెండు ప్రశ్నల మధ్య ఉన్న తేడా ఇదే జాతిది. మొదటిది అడిగినవాడికి చప్పుడేదో వినపడి ఉంటుంది. ఈ ఒక్క జతతో పాఠం మొదలుపెడితే సగం శ్రమ తప్పుతుంది. 1985లో భద్రిరాజు కృష్ణమూర్తి, ఐసీఎస్ అధికారి గ్విన్ కలిసి రాసిన ఆధునిక తెలుగు వ్యాకరణం వచ్చింది. మన వాడుక భాషను ఇంత నిశితంగా చూసిన ఆ పుస్తకం కూడా ఇంగ్లీషులోనే ఉంది. దాన్ని బడి పంతులు చేతికి పనికొచ్చేలా మలిచే బాధ్యత ఎవరిదన్నది ఎవరూ తేల్చలేదు.

2020 తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడులకు ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు. బోధన ఏ భాషలో సాగాలన్న గొడవ ఎటు పోయినా, ఎదురెదురు పేజీల్లో రెండు భాషల గట్లు తొలిసారి పిల్లల కళ్లముందు పరుచుకున్నాయి. ఇందుకు లెక్కల పుస్తకాన్ని మించినది లేదు. ఒకవైపు ఎన్ని, ఎందరు, ఎంత; రెండోవైపు హౌ మెనీ, హౌ మచ్. పైతరగతులకు వెళ్తే "ఎనీ" మళ్లీ తయారు. ప్రతి సంఖ్యకూ అని చెప్పాలన్నా, ఏదో ఒక సంఖ్య ఉందా అని అడగాలన్నా గణితం ఇంగ్లీషు దాన్నే వాడేస్తుంది. ఈ అయోమయం చూసే గణితవేత్త పాల్ హాల్మోస్ 1970లో గణితం రాసేవాళ్లకు "ఎనీ" జోలికి పోవద్దని సలహా ఇచ్చాడు. తెలుగు పేజీలో ఆ రెండు చోట్లా రెండు వేర్వేరు మాటలు ఉండాలి. ఒకచోట "ప్రతి", రెండోచోట "ఏదైనా". అనువాదకుడు తొందరలో రెండింటికీ "ఏదైనా" అని వేస్తే, ఇంగ్లీషులోని తికమక తెలుగు పేజీకి కూడా ఎక్కుతుంది.