లక్షణ విలువల ఆధారంగా భౌగోళిక దత్తాంశపు వడపోత

భౌగోళిక దత్తాంశపు వడపోత అనగా పటములోని అనేక అంశాల నుండి, వాటికి జతపరచిన వివరాలను బట్టి కావలసిన వాటిని మాత్రమే వేరుచేయడము. ప్రతి అంశానికి రెండు భాగాలుంటాయి. మొదటిది ఆకృతి (బిందువు, రేఖ లేదా బహుభుజి). రెండవది లక్షణాలు (పేరు, మండలము, జిల్లా, జనాభా వంటివి). ఈ పద్ధతిలో లక్షణాలను మాత్రమే పరీక్షిస్తారు.

పద్ధతి

పైథాన్ భాషలో ఇందుకు జియోపాండాస్ అనే లైబ్రరీని వాడతారు. ఇందులో పటము ఒక పట్టిక రూపములో ఉంటుంది. ఒక్కొక్క వరుస ఒక గ్రామాన్ని సూచిస్తుంది అనుకొంటే, "మండలము = అమలాపురము" అన్న షరతుకు ప్రతి వరుసలోను నిజము లేదా అబద్ధము అనే ఫలితము వస్తుంది. నిజమైన వరుసలు తమ ఆకృతులతో సహా మిగులుతాయి. అమలాపురము, రాజోలు, కొత్తపేట మండలాలు మూడూ కావాలంటే షరతులను "లేదా"తో కలపాలి. ఒక గ్రామానికి ఒకే మండలము ఉంటుంది గనుక "మరియు" వాడితే ఒక్క వరుస కూడా రాదు.

కోనసీమ ఉదాహరణ

కోనసీమ జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడినది. అదే సంవత్సరము దాని పేరు డా. బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాగా మారినది. 2011 జనగణనలో ఈ గ్రామాలు 545 సంకేతము గల తూర్పు గోదావరి జిల్లాలో ఉన్నాయి. ఆ దత్తాంశములో "జిల్లా = కోనసీమ" అని అడిగితే దోష సందేశము రాదు, ఖాళీ పట్టిక వస్తుంది. "తూర్పు గోదావరి" అని అడిగితే కాకినాడ, రాజమండ్రి కూడా వస్తాయి.

పేర్లతోను చిక్కు కలదు. "గన్నవరము" అన్న పదము గల పేర్లన్నీ కోరితే కోనసీమలోని పి.గన్నవరముతో పాటు విజయవాడ సమీపములోని గన్నవరము కూడా వస్తుంది. సరిగ్గా "గన్నవరము" అనే కోరితే పి.గన్నవరము జారిపోతుంది.

జిల్లా పేరు, ప్రాంతము పేరు ఒకటి కావు. 2022లో ఈ జిల్లాలో చేర్చిన రామచంద్రపురము గౌతమికి ఆవలి వైపున, అనగా కోనసీమ లంకభూమికి వెలుపల ఉన్నది. నదీపాయల మధ్య ప్రాంతమే కావాలంటే ఆకృతి ఆధారంగా వడపోయాలి.

జాగ్రత్తలు

జిల్లా ఏర్పడిన మూడు నెలలకే, 2022 జూలైలో, గోదావరి వరదలకు లంక గ్రామాలు మునిగాయి. అటువంటి సమయములో వడపోతలో జారిపోయిన గ్రామము సహాయపు జాబితాలో కనిపించదు, జారిపోయినదన్న సూచన కూడా ఉండదు. కావున పేర్లకు బదులు సంకేతాలు వాడటము, దత్తాంశము ఏ సంవత్సరానిదో చూడటము, వచ్చిన వరుసలను లెక్కించి సరిచూడటము అవసరము. 2022లో ఏర్పడిన నాటి జిల్లాకు 22 మండలాలు రావాలి. అంతకు తగ్గితే షరతులో లోపమున్నట్లే.