హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో బావికిని ఇంకుడుగుంటకును నడిమి దూరము

హోసూరు, కృష్ణగిరి నేడొకే జిల్లాలోనివైనను చరిత్రలో రెండు త్రోవల వచ్చినవి. కృష్ణగిరి బారామహలులోనిది, 1792 లో టిప్పుసుల్తాను నుండి ఈస్టిండియా కంపెనీకి సంక్రమించినది. ఘట్టములపైనున్న హోసూరు 1799 లో శ్రీరంగపట్టణము పడిన పిమ్మట కంపెనీ వశమైనది. చిరకాలము సేలము జిల్లాలోనుండి, రెండును 1965 లో ధర్మపురి జిల్లాలోనికిని, 2004 లో కృష్ణగిరి జిల్లాలోనికిని మారినవి. పాలన యెన్నిమార్లు మారినను నేల మారలేదు. చాలచోట్ల పైని పలుచని మన్ను, క్రింద నెఱియలు వాఱిన గట్టిరాయి; ఆ నెఱియలలోని యూటయే బావినీరు. ఇంటి మురుగునకు చోటు నిర్ణయించుటలో ముఖ్యముగ గమనింపవలసిన దిదియే.

పూర్వము పల్లెలలో ఇంటి యావరణమున మరుగుదొడ్డి యుండుట యరుదు. బావి ఈశాన్యమున, సెప్టిక్ ట్యాంకు వాయవ్యమున నుండవలెనని మేస్త్రీలు చెప్పుచుందురు. కాని ఆ తొట్టికి ఫ్రాన్సుదేశమున మూరా యనునతడు పేటెంటు పొందినది 1881 లో. దాని కాపేరు పెట్టినవాడు ఇంగ్లండులోని ఎక్సెటరు నగరపు కామెరాను, 1890 ల నడుమ. కావున ఈ వాయవ్యనియమము ప్రాచీనగ్రంథముల నాటిది కాజాలదు.

1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టము, 1939 నాటి ప్రజారోగ్యచట్టము మురుగుకాలువలపైనను మరుగుదొడ్లపైనను స్థానికసంస్థల కధికార మిచ్చినవి. దూరమునకు స్పష్టమైన అంకె భారతీయ ప్రమాణముల సంస్థవారి 2470 వ సంఖ్యగల ప్రమాణమున కాననగును. 1985 నాటి దాని పాఠము ననుసరించి తొట్టినుండి వెడలిన నీరు నేలలో నింకుచోటు త్రాగునీటి బావికి 18 మీటర్లకును, నివాసగృహమునకు 6 మీటర్లకును తక్కువ దూరమున నుండరాదు. ఈ కొలత నీరు కారని తొట్టికి గాక, ఇంకుడుగుంటకు చెందినది. తొట్టి యడుగున గచ్చు చేయక విడిచినచో ఆ తొట్టియే ఇంకుడుగుంట యగును. అట్టి తొట్టులకు కొదువలేదు.

1970 దశకమున సిప్కాటు పారిశ్రామికవాడ వెలసినపిదప హోసూరు చుట్టును చిన్నయిండ్లస్థలము లేర్పడినవి. 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవుగల స్థలమున మూలనుండి మూలకు 50 అడుగులే. 18 మీటర్లన్నచో 59 అడుగులు. ఈశాన్యవాయవ్యములు రెండును ఉత్తరపు దిక్కుననే యుండుటచే, వాస్తువు పాటించిన యింట ఆ దూరము 30 లేక 40 అడుగులకు మించదు. పొరుగువాని బావి యింకను దగ్గరగా నుండవచ్చును. అంతేకాక, మంటిలో నింకునపుడు వడగట్టబడు నీరు రాతినెఱియలలో వడగట్టబడక దూరము పోగలదు. అట్టిచోట 18 మీటర్లును చాలునని చెప్పుట కష్టము.

2013 లో ప్రారంభమైన హొగెనెకల్ నీటిపథకము జపాను ఋణసాయముతో ఈ జిల్లాకును ధర్మపురికిని కావేరీజలము దెచ్చినది. అది రాతినుండి వచ్చు ఫ్లోరైడు దోషమునకై యుద్దేశింపబడినది. అయినను కుళాయినీరు త్రాగువారికి ఇంకుడుగుంట భయమును తగ్గినది; బోరునీరు త్రాగువారికి తగ్గలేదు.

ఆ 2013 లోనే వచ్చిన కేంద్రచట్టము రక్షణసాధనములు లేక మనుష్యులను తొట్టిలోనికి దింపుటను నిషేధించినది. మలినమును యంత్రముతో తోడి లారీలో కొనిపోవుటకు తమిళనాడు ప్రభుత్వము 2014 లో మార్గదర్శకసూత్రములు వెలువరించెను. దీనితో నాలుగవ కొలత యొకటి చేరినది: లారీగొట్టము వీధినుండి తొట్టికందవలెను. ఇంటివెనుక, సందునకు తావులేక కట్టిన తొట్టుల కది యందదు.