క్లార్క్ అనే ఇంటిపేరు – దాని పుట్టుపూర్వోత్తరాలు

ఇంగ్లీషువారి ఇంటిపేర్లు ముఖ్యంగా నాలుగు విధాలుగా పుట్టాయి: ఊరిని బట్టి, తండ్రి పేరును బట్టి, రూపగుణాలను బట్టి, చేసే పనిని బట్టి. స్మిత్ అంటే కమ్మరి, టైలర్ అంటే దర్జీ, ఫిషర్ అంటే చేపలు పట్టేవాడు. వీటిలో సంఘ చరిత్రతో పెనవేసుకున్న పేరు క్లార్క్.

దీని మూలం గ్రీకు భాషలోని క్లేరోస్. ఆ మాటకు చీటి అనీ, చీటి వలన వచ్చిన వంతు, అనగా స్వాస్థ్యము అనీ అర్థం. ప్రభువే తమ స్వాస్థ్యముగా గలవారు గనుక సేవకులకు ఆ పేరు వచ్చిందని జెరోము భక్తుడు వివరించాడు. దాని నుండి లాటినులో క్లెరికుస్, ఇంగ్లీషులో క్లెర్క్ ఏర్పడ్డాయి. మధ్యయుగాల్లో చదువు ఎక్కువగా గురువుల దగ్గరే ఉండేది. అందుచేత గురువును తెలిపే మాటే వ్రాతగానికీ, లెక్కలు చూసేవానికీ పేరయింది. పెద్ద అభిషేకం పొందిన గురువులకు వివాహం నిషిద్ధమైనా, చిన్న పదవులవారు పెండ్లి చేసుకోవచ్చు. ఆ విధంగా పేరు బిడ్డలకు సంక్రమించింది. నాటి ఉచ్చారణను బట్టి ఇంటిపేరు క్లార్క్ అని స్థిరపడింది.

ఆ రోజుల్లో చదువు ప్రాణం కూడా కాపాడేది. గురువులను రాజు న్యాయస్థానం శిక్షించరాదనే హక్కు క్రమేణా చదవగలిగిన వారందరికీ వర్తించింది. నేరస్థుడు సాధారణంగా 51వ కీర్తన మొదటి వచనం చదివి ఉరి తప్పించుకునేవాడు. నాటక రచయిత బెన్ జాన్సన్ 1598లో ఈ హక్కు వలననే బ్రతికాడు. చదువురాని పేదవాడు అదే నేరానికి ఉరికంబం ఎక్కేవాడు. 1827లో గాని ఇంగ్లండులో ఈ పద్ధతి రద్దు కాలేదు.

మన సీమలో క్లార్కుకు సాటి ఎవరంటే కరణం. పలాస, టెక్కలి ప్రాంతాల్లో కరణాల కుటుంబాలకు పట్నాయక్ అనే పేరు ఉండడం మనమెరిగినదే. అయితే ఒక భేదం గమనించాలి. ఇంగ్లండులో కమ్మరి కొడుకు క్లార్క్ పని చేసినా పేరు అడ్డురాలేదు. ఇక్కడ వృత్తి కులమై, గ్రామ లెక్కల పుస్తకం కొన్ని ఇండ్లలోనే వంశపారంపర్యంగా నిలిచింది. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కరణం పదవులను రద్దు చేసింది.

ఈనాడు ఇంటిపేర్లు కొత్తగా పెట్టవలసి వస్తే పలాసలో జీడిపప్పు పేరిట, ఉద్దానంలో కొబ్బరి పేరిట, తీరంలో వల పేరిట ఎన్నో వెలుస్తాయి. వాటిలో సిగ్గుపడవలసినది ఒక్కటీ లేదు. కాబట్టి సంఘ సభ్యులారా, బాప్తిస్మపు రిజిస్టరులో తల్లిదండ్రుల వృత్తి అడిగినప్పుడు ఉన్నదున్నట్టు వ్రాయించండి. జీడిపిక్కలు కొట్టిన తల్లి పని కూడా వ్రాయించండి. ఆమె బిడ్డ రేపు ఆఫీసులో గుమాస్తా అయితే, ఒకప్పుడు కొద్దిమంది చేతిలోనే ఉన్న కలం ఎంత దూరం నడిచి వచ్చిందో ఆ ఒక్క పంక్తి మనుమలకు తెలియజేస్తుంది.